పునుగు పిల్లి బోను

నాయనా,

కొండమీది స్వామి అభిషేకానికి పునుగు తైలం తీయడానికి నువ్వు పిల్లులను పెంచిన చెక్క బోను నీ తర్వాత ఖాళీగానే ఉంది. మొన్న కొండ వైపు నుంచి ఒక పునుగు పిల్లి దానంతటదే వచ్చి అందులో మూడు పిల్లలను పెట్టింది. మగది ఇటు తొంగి చూడలేదు. తల్లే పొద్దుగూకాక మేతకు పోయి, తెల్లారేసరికి వచ్చి పాలిస్తోంది.

"స్వామే పంపించినాడు. తల్లి లోపలుండంగానే తలుపెయ్యి. నాయనుంటే వదులుతాడా?" అని అన్న ఒకటే పోరు. నాకు కాలు నిలవలేదు. వంటింటికీ, బోనున్న కొట్టానికీ తిరుగుతూనే ఉన్నాను.

ఈరోజు నీ సంవత్సరీకం. వానకు తడిసిన కట్టెలు అంటుకోలేదు. బోను తలుపు ఊడదీసి పొయ్యిలో పెట్టాను. ఏళ్లుగా పిల్లులు ఒళ్లు రుద్ది పునుగు అంటించిన చెక్క అది. ఇల్లంతా నీ పంచె వాసన.

అన్న వంటింటి గడపలో నిలబడిపోయి, "నాయన వచ్చినట్టుండాది" అన్నాడు.

"వచ్చినాడన్నా," అన్నాను. "వాటిని వదిలెయ్యమన్నాడు."