పొక్లెయిన్ పంపొద్దు

అన్నయ్యకు,

నీ ఉత్తరం అందింది. మా కాలవ పని తొందరగా తెమిలేలా సాయానికి నీ పొక్లెయిన్ పంపించనా అని అడిగావు. నీ మంచి మనసు నాకు తెలుసు, కానీ పంపొద్దు.

ఈ మాంద్యంలో మిల్లు మూతపడ్డాక మా వీధిలో ఎవరి ముఖంలోనూ కళ లేదు. ప్రభుత్వం మాత్రం ఏం చేస్తుందిలే అనుకున్నాం. అది కాలవ పని పెట్టి, మిల్లువాళ్లందరినీ రమ్మంది. మా ఆయన మొదటిరోజే ఇంజనీరుగారి దగ్గర తెలివి ప్రదర్శించారు.

"మిషను పెడితే ఇట్టే అయిపోతుంది కదండీ" అన్నారట.

ఇంజనీరుగారు నవ్వి, "కాలవకి తొందరేం లేదండీ. మీ ఇళ్లలో పొయ్యిలకే తొందర" అన్నారట. ఆఫీసు మిషన్ని షెడ్డులో పెట్టించి తాళం వేయించింది కూడా ఆ మహానుభావుడే. అలాంటి మనిషి ఆ కుర్చీలో ఉంటాడని నేను కలలో కూడా అనుకోలేదు.

మా ఆయన చేతులు బొబ్బలెక్కాయి. అయినా సాయంత్రం ఈల వేసుకుంటూ ఇంటికొస్తున్నారు.

నీ మిషను కూడా నెలల తరబడి కదల్లేదని వదిన చెప్పింది. నువ్వు ఉత్తరంలో ఆ మాటే ఎత్తలేదు. ఇంజనీరుగారిని అడిగాను, బయటివాళ్లనీ చేర్చుకుంటారట. పొక్లెయిన్ అక్కడే ఉంచి నువ్వొక్కడివే రా అన్నయ్యా. పార ఇక్కడే ఇస్తారు.

నీకోసం గది ఊడ్చి ఉంచిన
నీ చెల్లి