తమ్ముడు చెప్పని ప్రసంగం

రౌలీ, 1661 అక్టోబరు

బోధకులవారైన మా తమ్ముడు జబేజ్‌కి,

మొన్న ఆదివారం మా మందిరంలో రెండు గంటలసేపు ప్రసంగించావు కదరా, అందులో ఒక్క ముక్క నా చెవిన పడలేదు. నేను తలెత్తకుండా రాసుకున్నది, పోయిన చలికాలంలో చనిపోయిన నా పాప గురించి దేవుడితో చెప్పుకున్న కవిత.

సంఘ పెద్ద ఎలిఫలెట్ గారు నేను రాయడం చూసి, "తమ్ముడి ప్రసంగమంతా రాసుకున్నావా! ఎంత భక్తమ్మా నీకు!" అని మురిసిపోయారు. గురువారం ఇరుగుపొరుగుని వెంటబెట్టుకొచ్చి మా పొయ్యి దగ్గర కూర్చున్నారు. "చదువమ్మా, మళ్ళీ విందాం."

ఆడదాని కవితంటే ఊరుకుంటారా? నీ ప్రసంగమనే చదివేశాను.

భార్య పోయిన రోజు కూడా ఏడవని ఎలిఫలెట్ గారు కళ్ళు తుడుచుకున్నారురా. "మందిరంలో ఈ మాటలు విన్న గుర్తు లేదే! కునుకు పట్టిందేమో" అన్నారు. వచ్చే ఆదివారం నువ్వొచ్చి మళ్ళీ ఇదే చెప్పాలట.

కవిత జతచేశాను, బట్టీ పట్టు. నీకిష్టమైన గుమ్మడికాయ ఉడికించి పెడతాను. ఈసారి తలెత్తుకునే వింటాను. ఒక్క మాట మార్చావో, లేచి నిలబడి నేనే సరిదిద్దుతాను.

నీ అక్క