అరకిలో బోన్‌లెస్

మే 31, శనివారం

షుగర్ ఇలాగే ఉంటే చూపు పోతుందని కంటి డాక్టర్ చెప్పింది. బ్లౌజులు కుట్టి బతికే మనిషిని. సూదిలో దారం ఎవరు ఎక్కిస్తారు? అన్నం బాగా తగ్గించి చికెన్, గుడ్లు, కూరగాయలు తినమంది.

జూన్ 1, ఆదివారం

చికెన్ వండింది నేనే. ముందు మగవాళ్ళు, పిల్లలు, తర్వాత అత్తమ్మ, చివర నేను. నా వంతుకు మెడ ముక్క, గిన్నె అడుగున పులుసు. ఆ పులుసుతో రెండుసార్లు అన్నం కలుపుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఇంతే. షుగర్ రాక ఏమొస్తుంది!

జూన్ 4, బుధవారం

మా అమ్మాయి కావ్య ఫోన్‌లో ఒక వీడియో చూపించింది. లో కార్బ్ క్రీమీ చికెన్ స్ప్రెడ్. బ్రెడ్ వద్దు, కీర ముక్కల మీద రాసుకోవాలట. అరకిలో బోన్‌లెస్ తెచ్చి ఉడికించాను. పెరుగు గుడ్డలో కట్టి సింకు మీది నల్లాకు వేలాడదీశాను. ఈ ఎండకు పులిసి కూర్చుంది. పారేస్తే అత్తమ్మ నవ్వుతుందని పంతం కొద్దీ మొత్తం తిన్నాను.

జూన్ 8, ఆదివారం

ఈసారి పెరుగును ఫ్రిజ్‌లోనే వడగట్టాను. చికెన్ చల్లారాక మిక్సీ పట్టి, ఆ గట్టి పెరుగు, రెండు చెంచాల మీగడ, మిరియాల పొడి, నిమ్మరసం కలిపాను. వెన్నలా వచ్చింది! డబ్బా మీద నా పేరు 'అనసూర్య' అని రాసి పెట్టాను.

అది చూసి అత్తమ్మ మండిపడింది. ఒక్క ఇంట్ల రెండు వంటలేంది, ఇది వేరువడుడు గాదా అంది. జర ఆ పేరు తుడువరాదే అన్నాడు మా ఆయన హరీశ్. ఇంకా పెద్ద అక్షరాలతో రాశాను.

జూన్ 10

నేను వేరు పడ్డానట. వీధంతా ఇదే మాట. బ్లౌజు కోసం వచ్చిన మొగిలమ్మ, కొత్త పొయ్యి ఎప్పుడు కొంటున్నవని అడిగింది.

జూన్ 12, రాత్రి

ఈ మాట విని పరకాల నుంచి మా ఆయన అన్న, కట్టయ్య బావ దిగాడు. ఇల్లు పంచడానికి! పంచాయితీలు చెప్పే గట్టయ్యను వెంటబెట్టుకొచ్చాడు, కొలతల టేపుతో సహా. ఏ అర్ర ఎవరికి, వంటగది ఎవరికని గట్టయ్య అడిగాడు. నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

డబ్బా తెచ్చి వాళ్ళ ముందు పెట్టి మూత తీశాను. పంచడానికి నా దగ్గర ఇదొక్కటే ఉందన్నాను. గట్టయ్య కీర ముక్క మీద రాసుకుని తిని, మంచిగనే ఉంది గని ఉప్పు జర తక్కువైంది అన్నాడు.

అప్పుడే చెప్పేశాను. నేను ఎక్కడికీ వేరు పోను. ఈ పొయ్యి మీదే వండుతాను. కానీ ఇకమీద చివర తినను. నా ముక్కలు ముందే తీసుకుంటాను, మిగిలింది మీరు తినండి. ఆడిది ముందుగాల తింటే ఇంటికి అరిష్టం అన్నాడు బావ. నా కళ్ళు పోతే ఎవరికి శుభమని అడిగాను. టేపు చుట్టుకుని నాలుగున్నర బస్సుకు పోయారు.

అత్తమ్మ మాత్రం నా డబ్బాకు మూత పెట్టి ఫ్రిజ్‌లో సర్దింది. అదే నాకు భయంగా ఉంది.

జూన్ 15, ఆదివారం, పన్నెండున్నర

నేను తినడానికి కూర్చోగానే అత్తమ్మ కంచం తెచ్చుకుని నా పక్కన కూర్చుంది. తొడ ముక్క తనే వేసుకుంది. డెబ్బై ఏళ్ళు ఆమెకు. హరీశ్ వచ్చి ఆకలైతాంది అన్నాడు.

మేం తిన్నంక రమ్మంది అత్తమ్మ.