పరీక్ష బల్ల మీద పోయిన అక్షరాలు

చిట్టి ఇంజనీరమ్మకు దీవెనలు.

ఎదురుగా చెప్పలేక ఉత్తరం రాస్తున్నాను. చదివి కోప్పడు, కానీ ఉద్యోగం మానేస్తానని మాత్రం రేపు యజమానితో అనకు.

మూడు రోజులుగా కంప్యూటర్ నుంచి నువ్వు తయారుచేసిన సర్క్యూట్ బోర్డుకు దేవుడి పేరు పంపుతున్నాను. ఏ బోర్డునైనా నేను అలాగే పరీక్షిస్తాను. బోర్డు దాన్ని ఉన్నదున్నట్టు తిరిగి పంపాలి. కానీ పేరు తిరిగి వచ్చేసరికి మధ్యలో అక్షరాలు పోతున్నాయి. "ఎక్కడ పోతున్నాయి ఆంటీ?" అంటూ నువ్వు కన్నీళ్ళు పెట్టుకున్నావు. "నాకేం తెలుసమ్మా, పదో తరగతి చదివినదాన్ని" అన్నాను. నాకు తెలుసు.

నీకు ముందున్న ఇంజనీరు కూడా ఇదే తప్పు చేశాడు. అతను సరిచేస్తుంటే పక్కనే ఉండి చూశాను. అక్షరం వచ్చి పిలవగానే చిప్ చేతిలో పని ఆపి, దాన్ని అందుకుని పక్కన పెట్టి, వెంటనే తన పనికి వెళ్ళిపోవాలి. నీ చిప్ అక్కడే నిలబడి దాన్ని బోర్డు తెర మీద రాస్తోంది. ఈలోగా వెనక వచ్చినవి పోతున్నాయి. అక్షరం పిలవగానే చిప్ చేసే పనినే మీరు ఇంటరప్ట్ అంటారుగా, తెర మీద రాసే పనిని అందులోంచి తీసెయ్యి. తీరికగా తర్వాత రాయించు.

పదిహేనేళ్ళు నేను కూర్చున్న కిటికీ పక్క కుర్చీ నీకిచ్చారు. "ఈ అమ్మాయి బంగారం" అని యజమాని అందరి ముందూ అంటుంటే నా కడుపు మండిపోయింది. పూజలో కూర్చున్నా నీ మొహమే కనిపించేది. దేవుడి పేరు ముక్కలై వస్తున్నా చూస్తూ ఊరుకున్నాను.

రేపు పేరు పూర్తిగా తిరిగొస్తే, ఎలా కనిపెట్టావని యజమాని అడుగుతారు. నేను చెప్పానని చెప్పు. చెప్పకపోయినా ఫరవాలేదని రాయబోయాను గానీ, ఇంకా అంత మంచిదాన్ని కాలేదు.

పరీక్ష బల్ల ఆంటీ