లేసు కార్మికుల పేజీలు

శుక్రవారం, రాత్రి

నేను వెళ్లి రాసుకొచ్చిన నరసాపురం లేసు కార్మికుల మాటలు ఈ నెల మన పత్రికలో రావడం లేదు. వాటిని పాత ఫాంటు నుంచి యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాం ఆఫీసు సర్వర్‌లో ఉంది. నల్ల తెర మీద కమాండ్ కొడితే ఒకటే జవాబు: ఫైలు దొరకలేదు. ఫైలు కళ్లెదుటే ఉంది! అన్నీ సర్వర్‌లోనే, అందరికీ అందేలా ఉండాలని పోట్లాడింది నేనే.

"నెట్‌వర్క్ నుంచి నడిపితే ప్రోగ్రాం తనెక్కడుందో మర్చిపోతుందండీ," అన్నాడు డీటీపీ ప్రసాద్. తన సిస్టంలోకి కాపీ చేసి నడిపాడు, వెంటనే పనిచేసింది. ఈలోగా సంపాదకుడు ఆ పేజీల్లో మన సంఘం అధ్యక్షుడి సన్మానం ఫొటోలు నింపి ప్రెస్సుకు పంపేశాడు.

"వచ్చే నెల వేద్దాంలెండి, లేసు ఎక్కడికి పోద్ది?" అని పైగా నవ్వు. ప్రోగ్రాం మర్చిపోయిందంటే అది యంత్రం. శ్రామికుల పేరుతో పత్రిక నడిపే మనకేం వచ్చింది?

సాయంత్రం మేరీ ఫోన్ చేసింది. ఆ లేసు కార్మికులందరిలో తన పేరు వెయ్యమన్నది ఆమె ఒక్కతే.

"మీతో మాట్లాడానని తెలిసి లేసు షావుకారు పని మానిపించేశాడండి మాస్టారూ. పర్లేదులెండి, పుస్తకంలో నా పేరుంటది కదండీ?"