రోడ్డు మీద ఉప్పునీళ్లు

శుక్రవారం రాత్రి

మా ఆయన ఇంకా ఇంటికి రాలేదు.

సాయంత్రం ఇద్దరం కోట ఊరి నుంచి మా కరెంటు కార్లో వస్తుంటే మా రొయ్యల గుంట పక్క మలుపులో రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. వెనక్కి తిప్పమన్నాను. వింటేగా! "మడమ లోతు కూడా లేవు మే, వాన నీళ్లే" అంటూ కారు దింపాడు. సగం దూరం పోయాక స్క్రీన్ మీద ఎర్రగుర్తు వెలిగి, చప్పుడన్నా లేకుండా ఆగిపోయింది.

షోరూం మెకానిక్‌కు ఫోన్ చేశాను. "మంచినీళ్లా, ఉప్పునీళ్లా అక్కా? ఉప్పయితే బ్యాటరీకి ఎప్పుడైనా నిప్పంటుకోవచ్చు. దిగి దూరంగా పోండి, మళ్లీ దాని దగ్గరికి పోవద్దు" అన్నాడు.

ఇద్దరం దిగాం. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.

వాన నీళ్లకు ఉప్పెక్కడిది? నా ముఖం చూసి ఆయనకూ అర్థమైంది. "మన గుంట కట్ట తెగినట్టుండాది. నువ్వు ఆటోలో ఇంటికి పో" అని అటు పరుగెత్తాడు. వచ్చే వారమే రొయ్యలు పట్టాలి.

ఇందాకటి నుంచి ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడం లేదు. ఇప్పుడు గుర్తొచ్చింది. ఆయన ఫోన్ ఆ కార్లోనే ఛార్జింగ్‌కు పెట్టి ఉంది.

అది మోగడం విని, తీసుకుందామని కారు దగ్గరికి పోతాడేమో.

ఇక చేయను.