కోటు బొత్తాం కింద ఐదు రంధ్రాలు

ఆగస్టు 12

అమ్మడూ, శనివారం పాయింట్ టూ టూ పిస్తోలు కొంటున్నావని మీ అమ్మ చెప్పింది, అందుకే ఈ కార్డు. షూటింగ్ పోటీలో గురి తప్పితే నీ చేతినే తిట్టుకుంటావని నా భయం.

మీ తాతయ్య కూడా దుకాణంలో మెరుపు చూసి ఒకటి ఎంచారు. దాన్ని బల్లకు బిగించి, గురి కాగితం మీద ఐదు తూటాలు కాల్పించాను. ఐదు రంధ్రాలూ అరచెయ్యంత మేర చెదిరాయి.

"నా చెయ్యి వణికిందే," అన్నారు.

"మీ చెయ్యెక్కడిదండీ? పట్టుకున్నది బల్ల కదా!"

దుకాణమంతా నవ్వింది, ఆయనా నవ్వారు. పక్కనున్న పాత పిస్తోలునూ అలాగే కాల్పిస్తే, దాని ఐదు రంధ్రాలూ ఆయన కోటు నుంచి ఊడిన బొత్తాం కింద దాగాయి. అదే కొన్నాం.

ఆశీస్సులు. ఇక చేయవలసినవి:
1. పిడి చేతికి అమరిందో కళ్లు మూసుకుని చూడు.
2. బల్లకు బిగించి, రెండు రకాల తూటాలతో కాల్చు.
3. ఆ కాగితాలు నాకు పంపు. బొత్తాం నా దగ్గరే ఉంది.

అమ్మమ్మ